పెట్టె పెట్టిన చోటు

ఫిబ్రవరి 3

సామాను లెక్కలు వేరే పుస్తకంలో రాశాను. ఇది నాకోసం.

అడవి అంచున గుడారాలు వేశాం. ఇంజనీరు మ్యాపు మీద ఎర్ర పెన్సిలుతో గీసిన గీత ఈ అడవిని అడ్డంగా కోసుకుంటూ పోతుంది. గీత మీద ఏ చెట్టున్నా కొట్టెయ్యాలి. తర్వాత కరెంటు స్తంభాలు వస్తాయట. మ్యాపులో ఈ మేరంతా ఆకుపచ్చ రంగు పులిమి వదిలేశారు. లోపల ఏముందని అడిగితే ఇంజనీరు నవ్వి, "నువ్వే చూసి చెప్పు" అన్నాడు.

మేస్త్రి ఇన్నేళ్లూ తోటల్లో చెట్లు కొట్టించినవాడు. కూలీలు ఆయన వెంట వచ్చినవాళ్లే, నేనూ మా బావమరిదీ తప్ప. బస్సు దగ్గర మా ఆవిడ నన్ను పక్కకు పిలిచి, "వాడి నోరు మంచిది కాదు, చెయ్యి అంతకన్నా మంచిది కాదు. మీరు పక్కనుంటే ఆగుతాడు. ఎలా తీసుకెళ్తున్నారో అలా తెచ్చి నాకు అప్పజెప్పండి" అంది.

వాడు కిటికీలోంచి తల బయటపెట్టి, "నేనేమన్నా ఇత్తడి బిందెనా అక్కా, సొట్ట పడకుండా తేవడానికి?" అన్నాడు.

సరే అన్నాను ఆవిడతో. నేను ఎక్కువ మాట్లాడను. ఆ ఒక్క మాట చాలనుకుంది.

ఫిబ్రవరి 4

మేస్త్రి పొద్దున్నే కేకేశాడు. "ఏయ్ గుమాస్తా! రాయడం వచ్చినవాడివి నువ్వొక్కడివే. గీత వెంట ముందుకుపోయి ఏమేం చెట్లున్నాయో రాసుకురా. గుడారంలో కూర్చుంటే పొట్ట పెరుగుతుంది."

"పోనీయండి మేస్త్రీ, పులికైనా కాస్త కొవ్వు దొరుకుతుంది" అన్నాడు ఒంటికన్ను. రంపం పట్టేది అతనే. రంపపు పొట్టు పడి ఎడమ కన్ను పోయిందట. ఉన్న కంటితో అందరినీ ఎగతాళి చేస్తాడు.

లోపలికి వెళ్లిన కాసేపటికి వెనక మనుషుల గొంతులు ఆగిపోయాయి. మెల్లగా తగ్గడం కాదు, ఎవరో తలుపు వేసినట్టు ఆగిపోయాయి. పైన ఆకాశం లేదు. ఆకులు, వాటి పైన ఆకులు, వాటి పైన ఇంకేవో ఆకులు. వెలుగు కిందికి దిగేసరికి పాత సీసాలోంచి వచ్చినట్టు పచ్చగా ఉంది. ఒక చెట్టు వేళ్లు నా భుజాల ఎత్తున గోడల్లా లేచి ఉన్నాయి. రెండు వేళ్ల మధ్య చిన్న గదంత చోటు. వెళ్లి అందులో నిలబడ్డాను. ఎవరూ పిలవని ఇంట్లోకి వచ్చినట్టు అనిపించింది, అయినా బయటికి రాబుద్ధి కాలేదు. ఇంకో చెట్టుకి కత్తితో గంటు పెడితే ఎర్రటి పాలు కారి నా మణికట్టు మీద పడ్డాయి. తుడిచినా పోలేదు.

నేను బడికి పోయింది తక్కువ. దుకాణాల బోర్డులు చదివి అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. నాకు తెలిసిన చెట్ల పేర్లు అక్కడ ఒక్కదానికీ సరిపోలేదు. కాబట్టి నేనే పెట్టుకుంటూ పోయాను. గోడ చెట్టు. నెత్తురు చెట్టు. తడి చెట్టు, ఎక్కడ ముట్టుకున్నా తడే.

తిరిగొస్తుంటే దారిలో ఒక బల్లి కనిపించింది. చీమలు దాన్ని బతికుండగానే మోసుకుపోతున్నాయి. దాని కన్ను ఇంకా కదులుతోంది. చీమల్లో తొందర లేదు. చాలాసేపు గొంతుకూర్చుని చూశాను. విడిపించాలని అనిపించలేదు.

ఫిబ్రవరి 6

మొదటి పెద్ద చెట్టు కొట్టారు.

పైన తాడు కట్టి బావమరిదీ ఇంకొకడూ ముందునుంచి లాగారు. ఒంటికన్నూ అతని జోడీ వెనకనుంచి రంపం ఆడించారు. ఆఖరి కోత పడగానే రంపం వాళ్లు చెరో పక్కకూ పరుగు తీస్తారు. మేస్త్రి మాత్రం లేవడు. చెట్టు మొదలుకు వెనక తన రేకు పెట్టె మీద కూర్చునే ఉంటాడు. చెట్టు ముందుకు పడుతుంది కాబట్టి వెనకంత క్షేమమైన చోటు ఇంకోటి లేదట. తోటల్లో ఎప్పుడూ అలాగే జరిగిందట. లేచి పరుగెత్తడం ఆయనకు చిన్నతనం. రంపం నూరే ఆకురాళ్లు, సుత్తులు ఉన్న ఆ పెట్టె మోసుకెళ్లి చెట్టు వెనక పెట్టడం నా పని.

చెట్టు సగం వంగి ఆగిపోయింది. ఎవరో పైనుంచి జుట్టు పట్టుకుని వెనక్కి లాగినట్టు. తర్వాత మెలి తిరిగి పక్కకు పడింది. అదే సమయంలో వెనక ఉన్న చెట్టు, మేం ఎవరం ముట్టుకోనిది, దాని కొమ్మ ఒకటి విరిగొచ్చి నీళ్ల డ్రమ్ము మీద పడింది. డ్రమ్ము నుజ్జయింది. మేస్త్రికి నాలుగడుగుల దూరంలో.

ఆయన లేచి వచ్చాడు. "కుడివైపుకి ఎవడు లాగమన్నాడురా?"

"నేను నిటారుగానే లాగాను" అన్నాడు బావమరిది.

"అయితే నేను గుడ్డివాణ్ణా?"

"గుడ్డి కన్ను నాది మేస్త్రీ, మీకెందుకు?" అన్నాడు ఒంటికన్ను, నవ్వించి చల్లార్చుదామని. ఎవరూ నవ్వలేదు. మేస్త్రి బావమరిది చెంప మీద కొట్టాడు. వాడు నోట్లో నెత్తురు ఉమ్మి, "ఇంతేనా? మా అక్క ఇంతకన్నా గట్టిగా కొడుతుంది" అన్నాడు.

అప్పుడు మేస్త్రి తాడు కొస తీసుకున్నాడు. తడి తాడు. వాడి చొక్కా వీపు మీద చిరిగిపోయింది, చిరిగినచోట చర్మం లేచింది. వాడు చెయ్యెత్తబోతుంటే వెనకనుంచి గట్టిగా పట్టుకున్నాను. పట్టుకుంటే గొడవ ఆగుతుందనుకున్నాను. నేను పట్టుకోవడంతో ఆయనకు కొట్టడం సుళువైంది.

ఫిబ్రవరి 7

పడిన చెట్టు దగ్గరికి ఒక్కణ్ణే వెళ్లి పైకి చూశాను. సంగతి అర్థమైంది. తొడంత లావున్న తీగలు ఒక చెట్టు తలనుంచి ఇంకో చెట్టు తలకు పాకి ఉన్నాయి. పైన అన్నీ ఒకదానికొకటి కుట్టేసి ఉన్నాయి. తోటలో చెట్టు ఒంటరిది. ఇక్కడ ఒకదాన్ని లాగితే ఇంకోటి కదులుతుంది. ముందు తీగలు కోసి, తర్వాత చెట్టు కొట్టాలి.

మేస్త్రితో చెప్పాను. ఆయన విన్నాడు. చివరిదాకా విన్నాడు. తర్వాత కత్తి పిడితో నా నోటి మీద కొట్టాడు.

"లెక్కలు రాసేవాడివి లెక్కలు రాయి. తీగలు కోస్తూ కూర్చుంటే వానలొస్తాయి, నీ తాత కట్టిస్తాడా స్తంభాలు?"

పెదవి చిట్లింది. పెద్ద దెబ్బేం కాదు.

ఫిబ్రవరి 8

ఇవాళ ఒక చెట్టు లోపలికి వెళ్లాను.

ఏదో తీగ జాతి, ఇంకో చెట్టును చుట్టుకుని పెరిగి, పెరిగి, దాన్ని నలిపి చంపేసింది. లోపలి చెట్టు కుళ్లి రాలిపోయింది. చంపిన తీగ ఆ ఆకారంలోనే నిలబడి ఉంది, లోపల బోలుగా. సందులోంచి దూరి లోపల నిలబడి పైకి చూస్తే చాలా ఎత్తున నాణెమంత వెలుగు. గోడలకు చెయ్యి ఆనిస్తే చల్లగా, నున్నగా, మనిషి ఒళ్లులా ఉంది. చచ్చిన చెట్టు ఉండాల్సిన చోట నేను ఉన్నాను.

ఎంతసేపున్నానో తెలియదు. బయటికి వచ్చాక ఒంటికన్ను, "ఏమయ్యా, లోపల ఎవరినైనా ఉంచావా? రోజూ తల దువ్వుకుని పోతున్నావు" అన్నాడు.

ఫిబ్రవరి 10

బండి వచ్చింది. పది రోజులకు ఒకసారి సామాను తెస్తుంది. సామాను దించాక బావమరిది నా గుడారంలోకి వచ్చి కూర్చున్నాడు. వీపు మీద చొక్కా అతుక్కుపోయి ఉంది.

"బావా, ఈ బండిలో పోదాం."

"పని మధ్యలోనా?"

"ఆయన నన్ను వదలడు. లేకపోతే నేను ఆయన్ని వదలను. రెండిట్లో ఏది జరిగినా అక్కకి నువ్వే చెప్పుకోవాలి."

"వచ్చే బండికి వెళ్దాం. అంతదాకా ఓర్చుకో. నోరు విప్పకు."

"వచ్చే బండిదాకా ఎందుకు? ఈ బండికి చక్రాలు లేవా?"

 సామాను లెక్క అప్పజెప్పాలి, మనిషి మధ్యలో వెళ్లిపోతే బాగుండదు, అన్నాను. నిజమే కదా. లెక్క అప్పజెప్పాలి.

రేపు వాగు దాటి అవతలికి వెళ్తున్నాను. అవతలి అడవి ఇవతలి అడవిలా ఉండదని అనిపిస్తోంది. ఇవతలినుంచి చూస్తేనే అక్కడి చీకటి రంగు వేరుగా ఉంది.

బండి వెళ్లిపోయింది.

ఫిబ్రవరి 11

పొద్దున వాగు అవతల చూసింది ముందు రాయాలి, తిరిగొచ్చాక జరిగింది కూడా. పూర్తి చేస్తాను.

వాగులో నీళ్లు నల్లగా ఉన్నాయి, కానీ దోసిట్లోకి తీసుకుంటే తేటగా ఉన్నాయి. అవతల నేలంతా పువ్వులు. తెల్లవి, లోపల ఊదా రంగు. పూసే చెట్టు కోసం తలెత్తి చూశాను, కనిపించలేదు. పైన ఎక్కడో, కంటికి ఆనని ఎత్తులో పూసి కిందికి రాలుతున్నాయి. నిశ్శబ్దంలో ఒక్కో పువ్వు పడటం వినిపిస్తోంది. అడుగు వెయ్యాలంటే మనసు రాలేదు, వేశాను. కాలు మోపినచోట వాసన లేచింది. ఒక పక్షి, తోక నా మోచేయంత పొడుగు, ఇంకో పక్షి గూట్లోంచి పిల్లను లాగి నా కళ్లముందే కొమ్మకేసి బాది మింగింది. తల్లి చుట్టూ తిరిగి అరిచింది. తర్వాత ఆపేసి ముక్కుతో రెక్కలు సవరించుకుంది. నేను అక్కడే ఉన్నాను. మధ్యాహ్నం దాటింది, ఆకలి గుర్తు లేదు. నా జన్మలో అంత సంతోషంగా ఎప్పుడూ లేను.

తిరిగి వచ్చేసరికి బావమరిది గుడారం బయట కుడి చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఒంటికన్ను చెప్పాడు. తాడు దగ్గర మళ్లీ మాటామాటా పెరిగిందట. వీడు మేస్త్రిని తోశాడట. మేస్త్రి వీణ్ణి పడేసి, చేతిని కొట్టేసిన మొద్దు మీద పెట్టించి, సుత్తి వెనకవైపుతో మూడు వేళ్లు విరగ్గొట్టాడు. ఇద్దరు పట్టుకున్నారట. ఎవరో చెప్పలేదు.

"నువ్వుంటే ఆపేవాడివి కదయ్యా" అన్నాడు ఒంటికన్ను.

 నా చొక్కా మీద పువ్వు రేకొకటి అంటుకుని ఉంటే, బావమరిది ఎడమ చేత్తో తీసి కింద పడేశాడు.

ఫిబ్రవరి 12

చెక్కముక్కలు పెట్టి వేళ్లు కట్టాను. నడిమి వేలు తిన్నగా రాలేదు.

నేనుంటే ఆపేవాణ్ణా? ఆపేవాణ్ణే.

ఫిబ్రవరి 14

గీత మీద తర్వాతి చెట్టు నేను అమ్మమ్మ అని రాసుకున్నది. అంత పెద్దది ఇంతవరకూ కొట్టలేదు. ఆరుగురు చేతులు చాపినా చుట్టు అందదు. మొదలంతా ముడతలు, నాచు, చిన్న చిన్న మొక్కలు ఒళ్లో కూర్చున్నట్టు. దాని వెనక ఒక ఎండు చెట్టు నిలబడి ఉంది. ఆకు లేదు, బెరడు లేదు, పైభాగం పుచ్చిపోయింది. అమ్మమ్మ తలనుంచి ఒక తీగ వెనక్కి పాకి ఆ ఎండు చెట్టు మెడకు చుట్టుకుని ఉంది.

కింద మొలకల మధ్య నిలబడి ఆ రెండిటినీ చాలాసేపు చూశాను. అమ్మమ్మ ముందుకు పడితే ఎండు చెట్టు తల విరిగి ఎక్కడ పడుతుందో చూశాను.

మేస్త్రికి చెప్పాలి.

ఫిబ్రవరి 15

ఇవాళ చెప్పడానికి వీలు కాలేదు. ఒకసారి చెప్పాను కదా. విన్నాడు కదా.

తీగ కోయడం పెద్ద పనేం కాదు. ఒక మనిషి, ఒక కత్తి. నేనే కోయవచ్చు.

ఫిబ్రవరి 16

బావమరిదికి తాడు లాగే పని లేదిప్పుడు. నీళ్లు మోస్తున్నాడు, ఎడమ చేత్తో. సాయంత్రం రాయి మీద కత్తి నూరుతుంటే చూశాను.

"దేనికిరా?"

"కట్టెలు కొట్టడానికి."

"ఎడమ చేత్తోనా?"

"అలవాటు చేసుకోవాలి కదా బావా. కుడి చెయ్యి ఇక నాది కాదు, మేస్త్రిది."

వాడి కళ్లు చూసి పక్కన కూర్చున్నాను. "ఒరే, పిచ్చి పని చెయ్యకు. అక్కకి మాటిచ్చాను. నాలుగు రోజులు ఓపిక పట్టు. అన్నీ సర్దుకుంటాయి."

"ఎలా సర్దుకుంటాయి?"

"సర్దుకుంటాయి అంతే."

వాడు నా ముఖం వైపు అదోలా చూశాడు. తర్వాత కత్తి నూరడం ఆపి లోపలికి పోయాడు. నా మాట విన్నాడనే అనుకుంటున్నాను.

తీగ కోయలేదు.

ఫిబ్రవరి 17

అమ్మమ్మను కొట్టారు. మేస్త్రి చనిపోయాడు.

పెట్టె ఎప్పటిలాగే చెట్టు వెనక పెట్టాను. ఎప్పటిలాగే.

ఫిబ్రవరి 17, మళ్లీ

రాయకపోతే అది తలలో తిరుగుతూనే ఉంటుంది.

రంపం మధ్యాహ్నం దాకా ఆడింది. అమ్మమ్మ లోపల ఎర్రగా ఉంది, ఒంటికన్ను చేతులు మోచేతుల దాకా ఎర్రబడ్డాయి. "పురుడు పోస్తున్నట్టుందిరా" అన్నాడు. మేస్త్రి పెట్టె మీద కూర్చుని కాళ్లు చాపుకుని చుట్ట కాలుస్తున్నాడు. నేను ఎడమ పక్కన, దూరంగా, గోడ చెట్టు వేరు చాటున నిలబడ్డాను. చెట్టు మొదలు దగ్గర చిన్న చప్పుడైంది, ఎముక విరిగినట్టు. రంపం వాళ్లు పరుగు తీశారు. అమ్మమ్మ తల కదిలింది. పైన తీగ బిగుసుకోవడం చూశాను.

అప్పుడు కనిపించాడు వాడు. నీళ్ల కుండ కింద పెట్టి, ఎండు చెట్టు పక్కనుంచి, మేస్త్రి వీపు వైపు వస్తున్నాడు. ఎడమ చేతిలో కత్తి. అందరూ పడే చెట్టు వైపు చూస్తున్నారు కాబట్టి ఆ క్షణం ఎంచుకున్నాడు. తెలివైనవాడు.

అంతవరకూ నేను నోరు మూసుకునే ఉన్నాను. వాణ్ణి చూశాకే అరిచాను. "ఒరే! పైన! పైన!"

వాడు ఆగాడు. మేస్త్రి వెనక్కి తిరిగాడు. వాణ్ణి చూశాడు, కత్తి చూశాడు, ఆ తర్వాత తల పైకెత్తి చూశాడు. ఎండు చెట్టు మెడ విరిగింది. మేస్త్రి లేచాడు. ఒక్క అంగలో వాడి మీదికి దూకి, రెండు అరచేతులతో రొమ్ము మీద తోశాడు. కత్తి ఆయన ముంజేతిని కోసింది. వాడు వెల్లకిలా వెళ్లి పొదల్లో పడ్డాడు. వాడు నిలబడిన చోట మేస్త్రి ఉన్నాడు. తర్వాత ఆయన లేడు, మాను ఉంది.

అమ్మమ్మ ఆ తర్వాత పడింది. నేల కాళ్ల కింద నీళ్లలా కదిలింది. పైనుంచి ఆకులు, గూళ్లు, గుడ్లు, పువ్వులు, పేరు తెలియని చిన్న జంతువులు, అన్నీ చాలాసేపు రాలుతూనే ఉన్నాయి. ఒక్కసారిగా ఎండ వచ్చింది. అక్కడ ఎన్ని వందల ఏళ్లుగా ఎండ పడలేదో.

మానును పక్కకు దొర్లించడానికి అందరి బలమూ కావలసి వచ్చింది. రొమ్ము నుంచి కిందికి మనిషి ఆకారం లేదు. చేతులు మాత్రం బాగానే ఉన్నాయి. అరచేతులు తెరిచి ఉన్నాయి.

ఫిబ్రవరి 18

టార్పాలిన్‌లో చుట్టి నీడలో పెట్టాం. కబురు వెళ్లింది.

బావమరిది అందరికీ చెబుతున్నాడు. "నీళ్లు తెస్తుంటే చెట్టు చప్పుడైంది. ఈయన నా గొంతు పట్టుకోవడానికి మీదికొచ్చాడు. చచ్చేటప్పుడు కూడా నన్ను వదల్లేదు చూడండి." కూలీలు తలలూపారు. ఆయన సంగతి అందరికీ తెలిసిందే. కత్తిని ఎవరూ చూడలేదు, నేను తప్ప.

వాగు దగ్గర వాడు ఒక్కడే ఉన్నప్పుడు చెప్పాను. "ఆయన నిన్ను తోశాడు."

"గొంతు పట్టుకోబోయాడు."

"తోశాడు. చేతులు తెరిచి ఉన్నాయి. నేను చూశాను. పక్కకు దూకితే తను బతికేవాడు."

"నోరు ముయ్యి బావా."

"నిన్ను బతికించి..."

పిడికిలి వస్తుండగానే కనిపించింది, తప్పుకోలేదు. ముందు పన్ను ఊడింది. పడ్డాక కూడా కొట్టాడు, డొక్కలో, కాలితో. కట్టుకట్టిన చేత్తో కూడా కొట్టాడు. తన చేతికే నొప్పెట్టి తనే అరిచాడు. "వాడికి నేను రుణపడాలా? నా వేళ్లు విరగ్గొట్టినవాడికా? ఆ మాట ఇంకోసారి అన్నావంటే నిన్ను ఈ వాగులో తొక్కేస్తాను!" చివరికి ఆయాసపడుతూ నా పక్కనే కూలబడ్డాడు. ఇద్దరం ఆ నల్లటి నీళ్లతో ముఖాలు కడుక్కున్నాం.

ఫిబ్రవరి 19

బండిలో ఇంజనీరు, మేస్త్రి భార్య వచ్చారు. ఇంజనీరు ప్రమాదం అని రాసుకున్నాడు. మంచి మేస్త్రి పోయాడు, పని వెనకపడింది, రెండూ ఒకే గొంతుతో అన్నాడు.

ఆవిడ ఏడవలేదు. పొడుగు చేతుల జాకెట్టు. టార్పాలిన్ ఒకసారి ఎత్తి చూసి కప్పేసింది. "ఎక్కడ జరిగింది?" అని అడిగింది. ఎవరూ కదల్లేదు. నేను తీసుకెళ్లాను.

పడిన అమ్మమ్మ పక్కన నిలబడి తలెత్తి, పైన కొత్తగా తెరుచుకున్న ఆకాశం చూసింది. "ఇంత పెద్ద చెట్లుంటాయా అన్నయ్యా?"

"లోపల ఇంకా పెద్దవి ఉన్నాయమ్మా."

"మీరు చూశారా?"

"చూశాను."

మేస్త్రి సంగతి చెప్పాను. "ఆయన మా బావమరిదిని పక్కకు తోసి తను పడిపోయాడు. వాడు బతికింది ఆయన వల్ల."

ఆవిడ నావైపు తిరిగింది. "ఎవరు? మా ఆయనా?" జాకెట్టు చెయ్యి పైకి లాగింది. మోచేతి దగ్గర చుట్టతో కాల్చిన మచ్చలు, వరసగా. పాతవాటి మీద కొత్తవి. "మీరు చెప్పేది ఇంకెవరి గురించో. చనిపోయారని మంచి మాట చెప్పక్కర్లేదు. నాకు అవసరం లేదు."

"అబద్ధం కాదమ్మా. కళ్లారా చూశాను."

ఆవిడ మాను మీద కూర్చుంది.  "పన్నెండేళ్లలో నాకోసం ఒక్కసారి చెయ్యి అడ్డం పెట్టలేదు" అంది తర్వాత. జాకెట్టు చెయ్యి మళ్లీ కిందికి లాక్కుంది. 

అప్పుడు చెప్పేశాను. ఎందుకో తెలియదు, ఈ పుస్తకంలో కూడా రాయనిది. "తీగ సంగతి నాకు ముందే తెలుసు. ఎండు చెట్టు ఎక్కడ పడుతుందో తెలుసు. ఆయన కూర్చునే పెట్టె సరిగ్గా అక్కడే పెట్టాను. చివర్లో అరిచాను."

చెయ్యెత్తి కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండనిపించింది.

"మా ఇంట్లో మేడ మెట్టు ఒకటి ఊడి ఉంది" అందావిడ. "పైనుంచి రెండోది. అయిదేళ్లయింది. ఆయన తాగి ఎక్కేవారు, దిగేవారు. నేను చెప్పలేదు. రోజూ చప్పుడు కోసం వినేదాన్ని." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఎప్పుడూ జారలేదు. మీరు అరిచింది ఆయన కోసమా?"

"కాదమ్మా. మా వాడి కోసం."

"సరే. ఆ మాటైనా నిజం చెప్పారు."

లేచి ముందు నడిచింది. దారి తెలియదు కదా, రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ నేను నోటితో చెప్పలేదు, చెయ్యి చూపించాను.

ఫిబ్రవరి 20

బండి రేపు బయల్దేరుతుంది. మేమిద్దరం వెళ్తున్నాం.

మధ్యాహ్నం వాగు దాటి వెళ్లొచ్చాను. ఒక్కసారి, అంతే. పువ్వులు ఇంకా పడుతున్నాయి.

ఫిబ్రవరి 22

ఇల్లు.

మా ఆవిడ తలుపు తీసి ముందు తమ్ముడి చెయ్యి చూసింది, తర్వాత నా నోరు చూసింది. మమ్మల్ని కూర్చోబెట్టి నీళ్లిచ్చింది. 

"పన్నేమైంది?" అని నన్నడిగింది.

"కొమ్మ తగిలింది" అన్నాను.

"నేను రాలగొట్టాను అక్కా" అన్నాడు వాడు.

"ఎందుకురా?"

"నిజం చెప్పాడని." గ్లాసు కింద పెట్టాడు. నేలకేసి చూస్తూ మొత్తం చెప్పాడు. తాడు దెబ్బలు, సుత్తి, కత్తి నూరడం, వెనకనుంచి వెళ్లడం. "నేను నరకడానికి వెళ్లాను. ఆయన నన్ను తోశాడు. తొయ్యకపోతే నేను లేను. ఈ బస్సు ప్రయాణమంతా దాని గురించే ఆలోచించాను. నాకు నచ్చలేదు, అయినా నిజం." ఎడమ చేత్తో కళ్లు తుడుచుకున్నాడు. "బావ అరవకపోయినా నేను లేను."

ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఇంకొకరి ముందు అలా పట్టుకోలేదు. నేను చేతులు వెనక్కి తీసుకోలేదు. పెట్టె సంగతి చెప్పలేదు.

"వేళ్లు విరిగింది ఎప్పుడు?" అని అడిగింది.

"పదకొండో తేదీ. ముందు రోజు బండి వచ్చింది. పోదాం బావా అన్నాను" అన్నాడు వాడు. తప్పుపట్టడం కాదు, జరిగింది జరిగినట్టు చెప్పాడు.

ఆవిడ చేతులు అలాగే ఉన్నాయి. "మరి ఎందుకు రాలేదండీ?"

లెక్క అప్పజెప్పాలి కదా అనబోయాను. నోటిదాకా వచ్చింది. వాడి నడిమి వేలు వంకరగా మోకాలి మీద ఉంది.

"వాగు అవతల ఏముందో చూడాలనిపించింది" అన్నాను.

"ఏముంది?"

చెప్పడం మొదలుపెట్టాను. నల్లటి నీళ్లు దోసిట్లో తేటగా ఎలా ఉంటాయో, కనిపించని చెట్టు నుంచి పువ్వులు ఎలా పడతాయో, వాటి చప్పుడు, కాలి కింద లేచే వాసన. చచ్చిన చెట్టు ఖాళీలో నిలబడితే చేతికి ఎలా తగులుతుందో. ఇంట్లో నేను ఇంతగా మాట్లాడింది ఎప్పుడూ లేదు. మాటలు వాటంతటవే వస్తున్నాయి, ఆపుదామనుకున్నా ఆగలేదు. పొడుగు తోక పక్షి దగ్గరికి వచ్చాక చూసుకున్నాను, నా చేతుల్లో ఆవిడ చేతులు లేవు.

నూనె గిన్నె తెచ్చుకుని, తమ్ముడి పక్కన నేల మీద కూర్చుని, వాడి వేళ్లు ఒక్కొక్కటే తీసుకుని రాస్తోంది. వంకర వేలు దగ్గర ఆగి మెల్లగా వంచి చూసింది. వంగలేదు. నావైపు చూడలేదు.

నేను ఇంకా చెబుతూనే ఉన్నాను.